ఆకాశమున మాట మర్యాద

అమెరికాలోని పెక్కు చిన్న విమానాశ్రయములకు కంట్రోలు టవరు లేదు. అచ్చట వైమానికులే ఒకే రేడియో తరంగముపై తమ రాకపోకలను పరస్పరము తెలుపుకొందురు. తొలుత వినవలెను, పిమ్మట విమానాశ్రయము పేరు, తన విమానము పేరు, తానున్న చోటు, చేయబోవు పని క్లుప్తముగా చెప్పి, తుదిని విమానాశ్రయము పేరు మరల పలుకవలెను. ఏలయన, పొరుగు విమానాశ్రయములును ఆ తరంగమునే వాడుచుండవచ్చును.

1996 నవంబరు 19న ఇల్లినాయి రాష్ట్రమందలి క్విన్సీలో దిగుచున్న విమానమువారు, రన్‌వేపై నున్న విమానమువారిని "ఆగెదరా?" యని యడిగిరి. వారు పలుకలేదు, వెనుకనున్న వేరొక వైమానికుడు బదులిచ్చెను. ఆ మాటలో కొంత వినబడకపోవుటచే, అడుగబడినవారే ఆగుదుమనిరని వీరు తలచిరి. రన్‌వేల కూడలియందు రెండు విమానములును ఢీకొనగా 14 మంది మృతినొందిరి. బయలుదేరినవారు రేడియోను శ్రద్ధగా వినకుండుటయో, పరిసరములను చక్కగా చూడకుండుటయో ముఖ్యకారణమని విచారణలో తేలెను.

కావున తన్నడుగని ప్రశ్నకు బదులు చెప్పరాదు. పలికినదెవరో తెలియనిచో మరల అడుగవలెను. చెవితోపాటు కన్నును మేల్కొల్పియుంచవలెను.