బిడ్డ ఏడ్చాకే అసలు గండం

రావికమతం మండలం చీమలపాడు పంచాయతీలోని కొండమీది గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొస్తున్నారన్న వార్తలు చదువుతూనే ఉన్నాం. అలా వచ్చిన తల్లికి ఒంట్లో రక్తం కూడా లేకపోతే? కింది కనురెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే ఉండదు. పాదాలు వాచి ఉంటాయి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంది. ఆమె గుండె చేతులెత్తేస్తోందని అర్థం.

గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములుండాలి. 7 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత. ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు తక్కువైతే ఉన్నవాటినే గుండె మరింత వేగంగా తిప్పాలి. మామూలు గర్భంలోనే గుండె పంపే రక్తం 30–50 శాతం పెరుగుతుంది. ఈమె గుండె కండరానికైతే ప్రాణవాయువూ చాలదు. అది అలసిపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

కాన్పు నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భసంచి బిగుసుకుని 300–500 మి.లీ. రక్తాన్ని ఒంట్లోకి నెడుతుంది. బిడ్డ, మాయ బయటపడ్డాక ఆ రక్తం ఒక్కసారిగా గుండె మీదికొస్తుంది. బిడ్డ ఏడుపు విని అందరూ ఊపిరి పీల్చుకునే వేళే ఈ తల్లికి ఊపిరాడని వేళ.

రక్తం లేదు కాబట్టి గబగబా ఎక్కించేద్దామనిపిస్తుంది. అలా చేస్తే ఆ రక్తమే గుండెను ముంచేస్తుంది. ముందు తలవైపు ఎత్తుపెట్టి ఆక్సిజన్ ఇస్తారు. ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్‌తో ఒంటి నీటిని మూత్రంలో పంపిస్తారు. సెలైన్ ఆచితూచి పెడతారు. ప్లాస్మా చాలావరకు తీసేసిన ఎర్రకణాలను ఊపిరితిత్తుల చప్పుడు వింటూ చుక్కచుక్కగా ఎక్కిస్తారు. ముక్కి అలసిపోకుండా అవసరమైతే వాక్యూమ్‌తో కాన్పు చేస్తారు. రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్ ఇస్తారు. రక్తనాళాలను బిగించి గుండెకు భారం పెంచే మిథైల్ ఎర్గోమెట్రిన్ జోలికి పోరు. మరొకరు తట్టుకునే అరలీటరు రక్తస్రావం ఈమె ప్రాణం తీయగలదు. కాన్పయ్యాక కూడా ఒకటి రెండు రోజులు కళ్లలో పెట్టుకుని చూడాలి.

ఇంత యుద్ధాన్నీ తప్పించగలిగేది ఆశ కార్యకర్త చేతిలోని ఎర్రమాత్ర. అందులో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతపై వైద్యురాలు లూసీ విల్స్ చేసిన పరిశోధనే ఈ ఫోలిక్ ఆమ్లానికి దారి చూపింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు ఆ మాత్ర వేసుకోవాలి. టీతో వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసం మేలు. విరేచనం నల్లగా అవుతుంది. భయపడి మానేయొద్దు. హిమోగ్లోబిన్ ఎక్కకపోతే నరానికి ఇనుము ఇంజెక్షన్లున్నాయి. అది 7 కంటే కిందికి దిగితే నొప్పుల దాకా ఆగకుండా, రక్తం ఎక్కించగల ఆసుపత్రికి ముందే చేర్చాలి. డోలీ ఎత్తాల్సింది నొప్పులొచ్చిన అర్ధరాత్రి కాదు, కనురెప్ప తెల్లబడిందని తెలిసిన రోజునే.