పుట్టింటికి వెళ్లే గర్భిణి వెంట కార్డు కూడా వెళ్లాలి

తెలుగు పల్లెల్లో గర్భిణి ఆరోగ్యం పలువురి చేతుల మీదుగా నడుస్తుంది. తొలి నెలల్లోనే గర్భాన్ని గుర్తించి పేరు నమోదుకు తోడ్పడేది ఆశా కార్యకర్త కాగా, రక్తపోటు చూసి, ధనుర్వాతం టీకా వేసి, ఐరన్ మాత్రలిచ్చేది ఏఎన్‌ఎం. పోషకాహారం బాధ్యత అంగన్‌వాడీ కేంద్రానిది, వైద్య పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారివి, కాన్పు తరచుగా ఏరియా ఆసుపత్రిలోనో ప్రైవేటు ఆసుపత్రిలోనో. ఇందరిలో ఒకరికి తెలిసిన విషయం తరువాతివారికి సకాలంలో చేరే ఏర్పాటునే ప్రసూతి సేవల సమన్వయం అంటారు. ఎవరి పని వారు శ్రద్ధగా చేసినా, ఈ ఏర్పాటు లోపించినచోట తల్లి ప్రాణానికి ముప్పు ఏర్పడుతుంది.

తెలుగు కుటుంబాల్లో ఈ గొలుసు తెగే అవకాశం ఎక్కువగా ఉన్న ఘట్టం, తొలిచూలాలు పురిటికి పుట్టింటికి వెళ్లే సమయం. ఆచారం మంచిదే, కన్నతల్లి దగ్గర దొరికే విశ్రాంతి, ధైర్యం మందులతో వచ్చేవి కావు. అయితే ఏడో నెల తరువాత ఊరు మారితే ఏఎన్‌ఎం మారుతుంది, ఆసుపత్రి మారుతుంది, ఒక్కోసారి జిల్లా కూడా మారుతుంది. రక్తపోటు పెరిగి తరచుగా మూత్రంలో ప్రోటీను పోయే ప్రీఎక్లాంప్సియా, అది ముదిరి మూర్ఛలు వచ్చే గుర్రపువాతం తలెత్తే ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా ఈ చివరి నెలల్లోనే. కొత్త ఆసుపత్రిలో రక్తపోటు 140/90 అని తేలినప్పుడు, అది మొదటినుంచీ ఉన్నదా, 20 వారాల తరువాత మొదలైనదా అన్నది తొలి నెలల కొలతలు చూస్తేనే తెలుస్తుంది. రక్తహీనత విషయమూ అంతే: హిమోగ్లోబిన్ 9 గ్రాములున్న గర్భిణి అప్పటికే రెండు నెలలుగా మాత్రలు క్రమంగా వాడుతున్నదని తెలిస్తే, వైద్యులు మళ్లీ అవే మాత్రలు రాయకుండా నరం ద్వారా ఐరన్ ఎక్కించే విషయం ఆలోచిస్తారు.

ఈ వివరాలను నమోదు చేయడానికే మాతా శిశు సంరక్షణ కార్డు ఉన్నది. ప్రతి నెలా 9వ తేదీన వైద్యులచేత గర్భిణులను పరీక్షింపజేసే కార్యక్రమాన్ని కేంద్రం 2016లో ప్రారంభించింది. అందులో ప్రమాదకర లక్షణాలున్నవారి కార్డుపై ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. ఆ కార్డు అత్తవారింటి బీరువాలో ఉండిపోతే ఎర్రగుర్తు ఎవరినీ హెచ్చరించలేదు.

కాన్పుతో అపాయం తొలగినట్లు భావించడం మరొక పొరపాటు. ప్రసవమైన 42 రోజుల్లోపు గర్భసంబంధ కారణాలతో సంభవించే మరణాన్నీ మాతృమరణంగానే లెక్కిస్తారు. రక్తస్రావం, జ్వరం, రక్తపోటు ఇంటికి వచ్చాక కూడా బయటపడవచ్చు. ఆసుపత్రిలో ప్రసవించిన తల్లీబిడ్డలను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాలన్న నియమం ఇందుకే. బాలింత తన ఊళ్లో ఉన్నదన్న సంగతే పుట్టింటి ఊరి ఆశాకు తెలియకపోతే ఆ సందర్శనలు జరగవు.

2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, కేరళలో 19. ఈ దూరం తగ్గడానికి ప్రభుత్వాలు చేయవలసింది చాలా ఉన్నా, కుటుంబాలు ఈ రోజే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి: ప్రయాణానికి ముందు అత్తవారి ఊరి ఏఎన్‌ఎంకు చెప్పాలి, కార్డుతోపాటు స్కానింగు, రక్తపరీక్షల కాగితాలన్నీ వెంట తీసుకువెళ్లాలి, చేరిన వారంలోనే పుట్టింటి ఊరి ఏఎన్‌ఎంకు వాటిని చూపించాలి.