కారు ఆగింది, వేగం ఎక్కడికి పోయింది?

సైకిలు మీద వాలు దిగుతూ బ్రేకు గట్టిగా పట్టి ఆపాక, బ్రేకు రబ్బరును ఎప్పుడైనా వేలితో తాకి చూశారా? వెచ్చగా ఉంటుంది. సైకిలు వేగం మాయమైపోలేదు, వేడిగా మారింది. శక్తి నశించదు, రూపం మార్చుకుంటుందని మీరు తరగతిలో చదివినదే ఇది.

ఇక కారు సంగతి చూద్దాం. 1000 కిలోగ్రాముల కారు సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. దాని గతిజశక్తి ½ × 1000 × 20 × 20 = 2,00,000 జౌళ్ళు. అర లీటరు చన్నీళ్ళను మరిగే స్థితికి తేవడానికి ఇది చాలు. వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. కారును ఆపిన ప్రతిసారీ ఈ శక్తిని బ్రేకులే మింగాలి.

డిస్కు బ్రేకులో చక్రంతోపాటు ఒక ఇనుప పళ్ళెం తిరుగుతుంది. దాన్ని అటూ ఇటూ రెండు ప్యాడ్లు అదిమి పట్టుకుంటాయి. మనం పెడలు నొక్కగానే ఆ పీడనాన్ని గొట్టాలలోని ద్రవం చక్రాల దాకా చేరవేసి పిస్టన్లను నెడుతుంది. ఇది పాస్కల్ సూత్రం. లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే ఇంగ్లాండులో డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాక వీటికి పేరు వచ్చింది.

ఒరిపిడికి ప్యాడ్లు అరిగిపోతాయి. ఒక ఆదివారం మా బావమరిది తన కారు వెనుక ప్యాడ్లను ఇంటి దగ్గరే మార్చాడు. ముందు చక్రాలకు చెక్కదిమ్మెలు అడ్డం పెట్టి, చేతి బ్రేకు వదిలాడు. జాకీతో కారును లేపి, కింద గట్టి స్టాండు పెట్టాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదట! చక్రం ఊడదీసి, కాలిపర్‌ను పైకెత్తి పాత ప్యాడ్లు తీశాడు. రెండు మిల్లీమీటర్ల మందం కూడా మిగల్లేదు.

ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్ ముందుకు వస్తుంది. కొత్తవి మందంగా ఉంటాయి కనుక దాన్ని మళ్ళీ వెనక్కి నెట్టాలి. ఆ కారులో చేతి బ్రేకు మర కూడా వెనుక పిస్టన్‌లోనే ఉంది. అందుకే తిన్నగా నెడితే పోలేదు. తిప్పుతూ నొక్కాల్సి వచ్చింది. రెండో చక్రానికీ అలాగే చేశాడు. ఒకవైపే మారిస్తే రెండు చక్రాలూ సమంగా పట్టవు.

అంతా బిగించి, దిమ్మెలు తీయకుండానే పెడలు నొక్కాడు. అది దాదాపు నేలదాకా దిగిపోయింది! కారు ముందు మా మనవడు ఆడుకుంటున్నాడు. నా గుండె ఝల్లుమంది.

“భయపడకు బావా! పిస్టన్‌కూ ప్యాడుకూ మధ్య ఇంకా సందు ఉంది” అంటూ మరి నాలుగైదుసార్లు నొక్కాడు. ద్రవం పిస్టన్‌ను ముందుకు నెట్టింది, సందు పూడింది, పెడలు గట్టిపడింది. ఇది మరచి కారును కదిలించి ఉంటే? తలచుకుంటేనే భయం వేసింది.

పిల్లలూ! ఈ పని మీరు చేయవద్దు. పెద్దలు చేస్తుంటే చూడండి. మీరు చేయదగింది ఒకటుంది. సూదులు లేని రెండు కొత్త సిరంజిలను నీళ్ళు నింపిన సన్నని గొట్టంతో కలపండి. ఒకదాన్ని నొక్కితే రెండోది కదులుతుంది. ఇప్పుడు గొట్టంలో గాలి బుడగ ఒకటి ఉంచి నొక్కండి. ఏం మారింది? బ్రేకు గొట్టంలో గాలి చేరితే ఎందుకు ప్రమాదమో మీకే తెలుస్తుంది.