స్కానర్ పలకకపోతే కంప్యూటర్ పోయినట్టు కాదు

అమెరికాలో మన బతుకంతా కారు మీదే. క్యాంపు ఒకచోట, పని ఇంకోచోట. మధ్యలో బస్సు ఉండదు. అందుకే నలుగురైదుగురు తలా కొంత వేసుకుని పాత కారు కొంటారు. అది ఒక్కరోజు మూలపడితే అందరి కూలీ పోయినట్టే. మేము ఆఫీసు గుమస్తాలమే గాని మెకానిక్కులం కాము. అయినా పాత కార్లలో జేబు గుల్ల చేసే ఒక తంటా గురించి తెలిసినంత చెబుతాం.

చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. షాపులో స్కానర్ తగిలిస్తే అది కారుతో కలవదు. "కంప్యూటర్ పోయింది, మార్చాలి" అంటారు. తొందరపడి తల ఊపకండి. ఇంజిను మామూలుగా నడుస్తోందంటే దాని కంప్యూటర్ పూర్తిగా పోలేదన్నమాట. చాలాసార్లు లోపం ఫ్యూజులోనో, వైరులోనో ఉంటుంది.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకూ, సాధారణంగా స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దీన్నే ఓబీడీ-2 అంటారు. ముందుగా చూడాల్సింది ఒక్కటే: తగిలించగానే స్కానర్ వెలిగిందా, లేదా?

వెలగకపోతే

సాకెట్‌కు కరెంటు అందడం లేదు. 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు వస్తుంది, 4, 5 పిన్నులు ఎర్త్. చాలా కార్లలో ఈ సాకెట్‌కూ సిగరెట్ లైటర్‌కూ ఒకటే ఫ్యూజు. లైటర్ సాకెట్లో ఫోన్ కూడా చార్జి కాకపోతే ఆ ఫ్యూజు మీదే అనుమానం. ఏది ఎక్కడుందో కారు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. అదే ఆంపియర్ ఫ్యూజు వేయండి, ఖర్చు కొద్ది డాలర్లే. మళ్లీ కాలిపోతే ఎక్కడో షార్టు ఉన్నట్టు. పెద్ద ఫ్యూజు మాత్రం వేయకండి, వైర్లు అంటుకుంటాయి.

వెలిగినా కలవకపోతే

ఇగ్నిషన్ తాళం ఆన్‌లో ఉందో లేదో చూడండి. అదే స్కానర్‌ను పక్కవాళ్ల కారుకు పెట్టండి. అక్కడ పనిచేస్తే లోపం మీ కారులోనే. టార్చి వేసి సాకెట్లో పిన్నులు వంగాయా, లోపలికి పోయాయా చూడండి. తర్వాత బిగించిన స్టీరియో, అలారం, రిమోట్ స్టార్టర్ కూడా అడ్డుపడతాయి. వాయిదాల మీద అమ్మిన డీలర్ ట్రాకర్ పెట్టి ఉంటే మీరు పీకకండి, కాగితాలు చూసుకుని డీలర్‌కే చెప్పండి.

2008 మోడల్ నుంచి అన్ని కార్లూ 6, 14 పిన్నుల మీదే స్కానర్‌తో మాట్లాడతాయి. బ్యాటరీ తీసి ఆ రెంటి మధ్య మల్టీమీటర్ పెడితే చాలా కార్లలో 60 ఓములు చూపాలి. 120 చూపితే లైను ఒకవైపు తెగినట్టు, సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ తగులుకున్నట్టు.

అయితే పొగ పరీక్ష దగ్గర్లో ఉంటే బ్యాటరీ తీయకండి. కారు తనను తాను పరీక్షించుకున్న లెక్కలు చెరిగిపోతాయి, మళ్లీ సిద్ధం కావాలంటే కొన్ని రోజులు నడపాలి. కాలిఫోర్నియాలో 2015 నుంచి, 2000 మోడల్, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఈ పరీక్ష సాకెట్ ద్వారానే. కారు పలకకపోతే ఫెయిల్, రిజిస్ట్రేషన్ ఆగుతుంది. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గాని డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లో పొగ పరీక్ష ఉంది.

నిజంగానే కంప్యూటర్ పోతే ముందు కారు వయసు చూడండి. ఫెడరల్ చట్టం ప్రకారం పొగను అదుపు చేసే కంప్యూటర్‌కు 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, ఏది ముందైతే అంతవరకు కంపెనీ వారంటీ ఉంటుంది. కారు చేతులు మారినా అది పోదు.

షాపుకు వెళ్లేముందు ఈ మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి: ఫ్యూజు చూశారా? 16, 4 మధ్య ఎన్ని వోల్టులు? 6, 14 మధ్య ఎన్ని ఓములు? జవాబులతోపాటు ఎంతవుతుందో కూడా రాసిమ్మనండి. ఆ తర్వాతే తాళం చేతికివ్వండి.