కణజాలంలోని నేత

జీవకణాన్ని గోడలోని ఇటుకతో పోల్చటం పరిపాటి. ఈ పోలిక సులభమైనదే గాని, ఇటుకల నడుమ సున్నం వలె కణాల నడుమ ఏదో జిగురు ఉండి దేహాన్ని నిలుపుతున్నదనే భ్రమను కలిగిస్తుంది. చర్మాన్ని లాగితే సాగుతుంది, వదలితే యథాస్థితికి వస్తుంది; గోడకు ఆ గుణం లేదు. 'కణజాలం' అనే మన పారిభాషిక పదంలో జాలమంటే వల. ఆంగ్లేయుల 'టిష్యూ' శబ్దానికి మూలమైన ఫ్రెంచి పదానికి కూడా నేసినది అనే అర్థం. సత్యానికి ఇటుక కంటె ఈ నేతయే సమీపం.

1665లో రాబర్టు హుక్ సూక్ష్మదర్శినిలో బెండు ముక్కను పరీక్షించి, అందులోని చిన్న చిన్న గదులను వర్ణించినాడు. అవి వృక్షకణాల గట్టి గోడలు. జంతుకణానికి అట్టి గోడ లేదు. ఉన్నది పలుచని కొవ్వుపొర మాత్రమే. లాగుడును ఆ పొర ఓర్వలేదు. కనుక బలం మరొకచోట ఉండవలెను.

అది కణం లోపలనే ఉన్నది. కణాంతర పంజరంలో ప్రధానంగా మూడు విధాల పోగులు కనిపిస్తవి. సుమారు 7 నానోమీటర్ల మందం గల ఆక్టిన్ పోగులు కణానికి ఆకృతినీ, చలనాన్నీ ఇస్తవి. సుమారు 25 నానోమీటర్ల సూక్ష్మనాళికలు సరకు రవాణాకు బాటలవుతవి. ఈ రెంటికి నడుమ, సుమారు 10 నానోమీటర్ల మందంతో ఉండే కెరాటిన్ వంటి పోగులు తాళ్ళవలె లాగుడును భరిస్తవి.

పోగులెంత గట్టివైనా, ఏ కణంలోనివి ఆ కణంలోనే ముగిసిపోతే వస్త్రం కాదు. వాటిని ఇరుగుపొరుగు కణాల పోగులతో కలిపేవి కణసంధులు. ప్రేగు లోపలి పొరలో ఇవి ఒక క్రమంలో ఉన్నవి. అన్నిటికంటె పైన బిగుతు సంధి: ప్రేగులోని ద్రవ్యం కణాల సందుల గుండా ఇష్టానుసారంగా జారిపోకుండా అడ్డుకుంటుంది. దాని క్రింద అంటుసంధి: కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్లు రెండు కణాల నుండి చేతులు చాచి పట్టుకుంటవి; లోపలివైపున ఆక్టిన్‌తో ముడిపడి ఉంటవి. జపాను శాస్త్రజ్ఞుడు మసతోషి తకేయిచి 1984లో వీటికి ఈ పేరు పెట్టినాడు. కాల్షియం లేనిదే ఈ పట్టు నిలువదు. ఇంకా క్రింద డెస్మోజోములు: గుండీలవలె అక్కడక్కడ అమరి, ఒక కణపు కెరాటిన్‌ను పక్క కణపు కెరాటిన్‌తో కలుపుతవి. అడుగున అర్ధ డెస్మోజోములు కణాన్ని ఆధారపొరకు బంధిస్తవి. వీటికి తోడు అంతర సంధులనేవి ఉన్నవి. వాటి పని బంధనం కాదు, సంభాషణ; హృదయకండరంలో స్పందన ఒక కణం నుండి మరొక కణానికి ప్రాకేది వాటి సన్నని రంధ్రాల ద్వారానే.

ఈ కూర్పు విలువ అది చెడినప్పుడు తేటపడుతుంది. పెంఫిగస్ అనే వ్యాధిలో రోగి రక్షకశక్తియే డెస్మోజోములలోని డెస్మోగ్లీన్‌ను శత్రువుగా భావించి దాడి చేస్తుంది. చర్మకణాలు ఒకదానినొకటి విడిచిపెడతవి, పొక్కులు లేస్తవి. ఇది ముడి వీడటం. ఎపిడెర్మోలిసిస్ బులోసా సింప్లెక్స్ అనే జన్యువ్యాధిలో కూడా పొక్కులే లేస్తవి. పసిబిడ్డ చర్మం కొద్దిపాటి ఒరిపిడికే బొబ్బలెక్కుతుంది. కాని ఇక్కడ తప్పు సాధారణంగా కెరాటిన్‌లో ఉన్నదని 1991 నుండి తెలియవచ్చినది. సంధి నిలిచే ఉంటుంది. కణమే లోపల చినుగుతుంది. ఇది పోగు తెగటం.

అయితే ఈ ముడులు శాశ్వతమైనవి కావు. గాయం తగిలినప్పుడు అంచులోని కణాలు తమ పట్టు సడలించి ముందుకు ప్రాకి, ఖాళీని కప్పి, తిరిగి ముడివేసుకుంటవి. విప్పుకోలేని నేత అయితే గాయం మానదు.

ఉపమానాన్ని ఎంచుకొనటం కేవలం అలంకారం కాదు. గోడ అని తలచినవాడు చీలికకు కారణం జిగురులోనే వెదకుతాడు. నేత అని తలచినవాడు ముడిని చూస్తాడు, పోగునూ చూస్తాడు.