పిల్లల అసంకల్పిత చేష్టలు: ఇంటనే జరుగు శిక్షణ

సాయంకాలమున అరుగుమీద కూర్చుండి మనుమల ఆటపాటలు చూచు మీకు, తలిదండ్రులకంటె ముందుగా కొన్ని సంగతులు కానవచ్చును. ఎనిమిదేండ్ల బాలుడొకడు ఊరకయే రెప్పలల్లార్చుచుండును. నెల గడచిన పిమ్మట అది తగ్గి మెడ విదలించుట మొదలగును. మరియొకడు జలుబు లేకున్నను మాటిమాటికి గొంతు సవరించుచుండును. మానుమనిన క్షణకాలము మానును, మరల ఆరంభించును. బడిపంతులు వెక్కిరింపనుకొని దండించును. తల్లి దిష్టి తీయును. గాలి సోకినదని తాయెత్తు కట్టించువారును కలరు. ఆ బాలుడు మాత్రము నలుగురిలోనికి వచ్చుటకే సిగ్గుపడి మూలకు చేరును.

ఈ చేష్టలను వైద్యులు ‘టిక్కులు’ అందురు. 1885వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి జిల్ ద లా టూరెట్ అను వైద్యుడు ఇట్టి రోగులు తొమ్మిదిమంది వృత్తాంతమును ప్రకటించెను. పలు అవయవచేష్టలును, ధ్వనిచేష్టయు గలిగి ఏడాదికి మించి నిలిచిన వ్యాధికి నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. సాధారణముగా ఇవి నాలుగేండ్లకును ఆరేండ్లకును నడుమ పొడసూపి, పది పండ్రెండేండ్ల ప్రాయమున హెచ్చి, యౌవనమున చాలమందికి తగ్గును. మగపిల్లలయందు అధికము. మెదడునందు చలనమును నియమించు భాగములకు సంబంధించిన వ్యాధియే గాని, ఇది పెంకితనము కాదు, పెంపకదోషమును కాదు.

పెద్దలు ముఖ్యముగా నెరుగవలసిన దొకటి కలదు. చేష్టకు ముందు చాలమంది పిల్లలకు ఆ అవయవమునందు ఒక తహతహ పుట్టును. తుమ్మునకు ముందు ముక్కులో గిలి పుట్టినట్లే యనుకొనుడు. చేష్ట చేసినంతనే ఉపశమనము కలుగును. దోమ కుట్టినచోట గోకవలదని యెవరైన మనకు గంటకు పదిమారులు చెప్పినచో ఏమగును? దురద తగ్గదు సరికదా, మనస్సంతయు అచ్చటనే యుండును. మందలింపువలన టిక్కులు హెచ్చుటకు కారణ మిదియే.

ఐనచో శిక్షణ యెట్లు? 1973లో అజ్రిన్, నన్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞు లొక పద్ధతిని ప్రకటించిరి. మొదట బాలుడు తన తహతహను గుర్తించుట నేర్వవలెను. అది కలిగిన తోడనే, టిక్కుతో కలిసి సాగలేని వేరొక పని చేయవలెను. మెడ విదలించువాడు గడ్డమును కొంచెము లోనికి లాగి మెడకండరములను మెల్లగా బిగింపవలెను. గొంతు సవరించువాడు నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీయవలెను. ఒక నిమిషమో, తహతహ అణగువరకో అట్లు నిలువవలెను. 2010లో అమెరికాలో 126 మంది పిల్లలయందు ఈ మార్గమున పది వారముల శిక్షణను పరీక్షింపగా, శిక్షణ పొందినవారిలో నూటికి సుమారు 53 మందికిని, సామాన్యమైన సలహాలు మాత్రమే పొందినవారిలో 19 మందికిని గుణము కనబడెను.

మంచిదే. కాని బాన్సువాడనుండి వారమువారము హైదరాబాదు నగరమునకు పోయివచ్చుట యెవరి తరము? తండ్రికి ఒకనాటి కూలి, బాలునికి ఒకనాటి బడి పోవును. నాట్లకాలమైనచో ఆ మాటయే తలపెట్టరాదు.

ఈ చిక్కు ఇతరదేశములందును కలదు. అందుచేతనే పాఠములను ఆన్‌లైన్ మార్గమున ఇంటికే పంపు యత్నము జరిగినది. 2021లో ఫలితము ప్రకటింపబడిన ఇంగ్లాండు పరీక్షయందు తొమ్మిది మొదలు పదునేడేండ్లవరకు గల 224 మంది పాల్గొనిరి. వీరికి నేర్పినది వేరొక రీతి: తహతహను ఓర్చుకొని టిక్కును కొంతసేపు, పిదప మరికొంతసేపు ఆపుట. దూరముననున్న శిక్షకుడు అప్పుడప్పుడు వ్రాతమూలమున ధైర్యము చెప్పుచుండెను. మూడు నెలలకు వీరి వ్యాధితీవ్రత నూటికి 16 పాళ్లును, వ్యాధిపరిచయ పాఠములు మాత్రమే చదివినవారియందు 6 పాళ్లును తగ్గెను. అద్భుతమని చెప్పజాలము, తీసివేయదగినదియు కాదు. 2022 నాటి స్వీడను పరీక్షయందు తీవ్రత రెండు వర్గములందును తగ్గినది. అయినను గుణము కనబడినవారు శిక్షణవర్గమున నూటికి 47 మంది, రెండవ వర్గమున 29 మంది.

ఈ పాఠములు ఆంగ్ల, స్వీడిష్ భాషలలో జరిగినవి. ఇంటి పెద్ద తెలుగున కూర్చుండి చెప్పగల భాగము వానిలో చాల కలదని నా యభిప్రాయము. శిక్షకుడు లేని స్వయంశిక్షణ యనగా పిల్లవానికి సెల్‌ఫోను ఇచ్చి విడుచుట కాదు. అట్లు విడిచిన వాడు ఆటలలోనికి పోవును. దినమునకు పావుగంట ప్రక్కన కూర్చుండుడు. అభ్యాసము చేసినందుకు మెచ్చుకొనుడు. తక్కినవేళ టిక్కును చూచియు చూడనట్లుండుడు. బడిపంతులకు ఈ సంగతి తెలుపుట తాతగారి మాటవలన సులువగును.

తెలివి తప్పుట, చేయి లేక కాలు బలము తగ్గుట, తన్ను తాను గాయపరచుకొనుట కనబడినచో అభ్యాసములకై కాచుకొనక వైద్యునియొద్దకు కొనిపోవలెను. రెప్పలల్లార్చువానికి ముందుగా కంటిపరీక్ష చేయింపవలెను. 2022 అక్టోబరునుండి కేంద్రప్రభుత్వము నడపుచున్న ‘టెలి మానస్’ అను మానసికారోగ్య సహాయమునకు 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగున మాటాడుదురు. ఏ చేష్ట, ఎన్నడు మొదలైనది, ఎప్పుడు హెచ్చుచున్నది యను వివరములు ముందే కాగితమున వ్రాసియుంచుకొనుడు. వైద్యుని యెదుట చాలమంది పిల్లలు టిక్కులను అణచుకొందురు గనుక, బాలునికి ముందుగా చెప్పి, వాడు ఒప్పుకొన్న పిమ్మట, ఇంటివద్దనే ఫోనులో రెండు నిమిషముల వీడియో తీసి కొనిపోవుడు.