నోరు చిన్నది – పాఠం పెద్దది

“పన్ను పీకడానికి అయిదేళ్ళ చదువెందుకయ్యా?” అని అడిగేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. నేను బి.యస్సీ. విద్యార్థిని. మా పెదనాన్నగారమ్మాయి మాత్రం బి.డి.యస్. చదువుతోంది. సెలవుల్లో అక్క చెప్పే కబుర్లు విన్నాక, ఆ విద్య నేర్చుకోవడం కన్నా నేర్పడమే కష్టమేమో అనిపించింది. ఆ సంగతే పాఠక మిత్రులకు మనవి చేస్తున్నాను.

మొదట మైనపు దిమ్మల మీద పళ్ళ ఆకారాలు చెక్కిస్తారు. తర్వాత ‘ఫాంటమ్ హెడ్’ అనే బొమ్మ తల. 1894లో ఆస్వాల్డ్ ఫెర్గస్ అనే దంతవైద్యుడు దీన్ని రూపొందించాడు. బొమ్మకి ఉమ్మి ఊరదు, నాలుక అడ్డం రాదు, “అమ్మా” అని అరవదు. మూడో ఏడు వచ్చేసరికి కుర్చీలో నిజమైన మనిషి కూర్చుంటాడు!

పై పళ్ళను చిన్న అద్దంలో చూస్తూ పని చేయాలి. మరమేమో నిమిషానికి మూడు లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. పంటి మీది ఎనామిల్ మహా అయితే రెండున్నర మిల్లీమీటర్లు. తెగిన చర్మం మానుతుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను మొలిచేనాటికే నశిస్తాయి కనుక, పోయిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు.

మా నాన్న నాకు దుక్కి నేర్పినప్పుడు మేడి మీద నా చేతిపై తన చెయ్యి వేసి నాలుగు చాళ్ళు నడిపించాడు. చాలు వంకరపోతే మళ్ళీ దున్నుకోవచ్చు. నోట్లో అలా రెండు చేతులు పట్టవు. మేష్టారు చేస్తుంటే శిష్యుడికి ఆయన చేతి వెనకభాగమే కనిపిస్తుంది; శిష్యుడు చేస్తుంటే మేష్టారికి అదీ కనపడదు. అంచేత ప్రతి మెట్టులోనూ పని ఆపి, ఆయన్ని పిలిచి చూపించాలి. ఆయనేమో నాలుగు కుర్చీల అవతల ఉంటాడు! అందాకా పేషెంటు నోరు తెరుచుకునే ఉండాలి.

అన్నిటికన్నా చిక్కు స్పర్శతో వచ్చింది. పిప్పి ఎంతవరకు తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నది చాలావరకు పనిముట్టు మొన తగిలే తీరుని బట్టే తెలుస్తుంది. పిడికెడు మట్టి నలిపి పదునుందో లేదో నాన్న చెప్పేస్తాడు. ఎలా తెలిసిందంటే మాత్రం చెప్పలేడు. 2020లో కరోనా వచ్చి పాఠాలు తెర మీదికెక్కినప్పుడు ఈ తెలివి మాత్రం తెర దాటి చేతికి రాలేదు.

ఇంకొకటుంది. ఒక్కో విద్యార్థి ఇన్ని పళ్ళు నింపాలి, ఇన్ని తీయాలి అని లెక్క ఉంటుంది. పల్లెజనం వాపు వచ్చాకగానీ ఆస్పత్రి గడప తొక్కరు. అందుకని తీయడానికి పళ్ళకి కరువుండదు. నాలుగుసార్లు రావలసిన వైద్యానికి మాత్రం మనుషులు దొరకరు. వచ్చిన రోజల్లా కూలి పోతుంది మరి! లెక్క తరుముతుంటే విద్యార్థికి మనిషి బదులు ‘కేసు’ కనపడే ప్రమాదముంది. చౌకగా వైద్యం చేస్తున్నాం కదా అని పేదవాడికి చెప్పకుండా అతని నోటిని పాఠం చేసుకోవడం న్యాయం కాదు. చేసేది విద్యార్థి అని ముందే చెప్పాలి.

అక్క చెప్పింది కూడాను. కిందటి వేసవిలో నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, “నేనే చేస్తాను నాయనమ్మా, మా సారు మధ్యమధ్యలో వచ్చి చూస్తారు” అంది.

“చెయ్యవే తల్లీ, నువ్వూ ఎవరి నోట్లోనో నేర్చుకోవాలిగా. ముందు ఆయన్నొకసారి పిలు” అంది నాయనమ్మ.